యాత్రా రచనలు – వాటి విలువ – మన కర్తవ్యం

 

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అని మన పెద్దలు అనేవారు. వెళ్ళినవాడు తిరిగివస్తాడన్న నమ్మకం లేని రోజులవి. దారిలో అడవులు, దొంగలు, జ్వరాలు, ఏరు పొంగితే రోజుల తరబడి నిలిచిపోవడం. అటువంటి కాలంలో ఒక తెలుగువాడు కాశీకి వెళ్ళి క్షేమంగా తిరిగివచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. తాను పోయిన దారినంతా రాసిపెట్టాడు. ఆ పుస్తకం పేరు 'కాశీయాత్ర చరిత్ర'. రాసినవారు ఏనుగుల వీరాస్వామయ్య.

మనలో చాలామంది పాఠ్యపుస్తకంలో ఈ పేరు చూసి, ఒక మార్కు ప్రశ్న కోసం గుర్తుపెట్టుకొని, పరీక్ష కాగానే మరచిపోయి ఉంటాం. మేమూ అంతే. పి.జి.లో చేరాక ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు గాని యాత్రా రచన అంటే ఏమిటో, అది ఎవరికి పనికి వస్తుందో తెలియలేదు. తెలిసినంతవరకు ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

యాత్రా రచన అంటే ఏమిటి?

ఒక మనిషి తాను చేసిన ప్రయాణాన్ని, చూసిన ఊళ్ళను, కలిసిన మనుషులను, పడిన కష్టసుఖాలను ఇతరులకు తెలిసేటట్లు రాయడమే యాత్రా రచన. కథలో లాగా కల్పనకు ఇందులో చోటు లేదు. చరిత్ర పుస్తకంలో లాగా రాజుల పేర్లు, యుద్ధాలు మాత్రమే ఉంటే సరిపోదు. "నేను ఆ రోజు అక్కడ ఉన్నాను, ఇది చూశాను" అని చెప్పగలగడమే దీని బలం.

మన తెలుగునేల గురించి అటువంటి సాక్ష్యాలు చాలా కాలం నుంచీ ఉన్నాయి. క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్ అమరావతి ప్రాంతమైన ధాన్యకటకం గురించి రాశాడు. 13వ శతాబ్దంలో వెనిస్ నగరవాసి మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి, దాన్ని పాలిస్తున్న రాణి గురించి, సాలెగూడు దారమంత సన్నని బట్టల గురించి చెప్పాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారులు భావిస్తారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు యాత్రికులు పేస్, న్యూనిజ్ విజయనగరాన్ని వర్ణించారు. శాసనాల్లో మనకు ఎక్కువగా కనిపించేవి రాజుల దానాలు, బిరుదులు. బజారులో ఏమి అమ్మేవారు, జనం ఏమి కట్టుకొనేవారు వంటి సంగతులు తెలుసుకోవడానికి ఇటువంటి యాత్రికుల రాతలే మనకు ఎంతో ఆధారం.

వీరాస్వామయ్య ప్రయాణం

వీరాస్వామయ్య చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, ఇంగ్లీషు నేర్చుకొని, చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవారు. దుబాసీ అంటే రెండు భాషల మధ్య మాట చేరవేసేవాడు. ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. అంటే 15 నెలలకు పైగా ప్రయాణం. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. కాబట్టి ఆయనకు రైలు లేదు. పల్లకీలో, పడవలో, కాలినడకన సాగిన యాత్ర అది. వెంట బంధువులు, పరివారం కలిసి సుమారు 100 మంది. కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరారు. వచ్చేటప్పుడు పాట్నా, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని మన ఉత్తర సర్కారు జిల్లాల మీదుగా దిగారు.

దారి పొడవునా తాను చూసినదాన్ని ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు ఉత్తరాలుగా రాసి పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్య మరణించారు. 1838లో శ్రీనివాసపిళ్ళె ఆ రాతలన్నీ పుస్తకంగా అచ్చు వేయించారు. ఈ సంగతి మనం గమనించాలి. ఆయన పండితుల మెప్పు కోసం గ్రాంథికంలో రాయలేదు. దూరంగా ఉన్న స్నేహితుడికి చెబుతున్నట్టు, ఆ రోజుల్లో చదువుకున్నవారు మాట్లాడే తీరుకు దగ్గరగా రాశారు. అందుకే దాదాపు 200 సంవత్సరాల తరువాత కూడా చదవగలుగుతున్నాం.

ఆయన ఏమి రాశారు? ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎంత దూరం, దారి రాళ్ళదా ఇసుకదా, బసకు వసతి ఉందా, అంగడిలో సామాను దొరుకుతుందా, మంచినీళ్ళ బావి ఉందా – ఇవీ ఆయన రాసిన సంగతులు. దేవాలయాల గురించి ఎంత శ్రద్ధగా రాశారో నీళ్ళ గురించీ అంత శ్రద్ధగా రాశారు. ఆ పుస్తకం చదివిన వెనుకటివాడికి కాశీ దారి కొంతైనా భయం తగ్గిన దారి అయి ఉంటుంది. యాత్రా రచన మొదటి విలువ ఇదే. ముందు నడిచినవాడు వెనుక వచ్చేవాడికి చేసే ఉపకారం అది.

లెక్క ఎందుకు ముఖ్యం?

ఈ సందర్భంలో ఇంకొక యాత్రికుడిని తలచుకోవాలి. ఆయన పేరు నైన్‌సింగ్ రావత్. హిమాలయాల్లోని కుమావూ ప్రాంతంలో మిలమ్ అనే పల్లెకు చెందిన బడిపంతులు. ఆ కాలంలో టిబెట్‌లోకి తెల్లవారిని రానిచ్చేవారు కాదు. అందుచేత ఆంగ్ల ప్రభుత్వ సర్వేశాఖ వారు ఈ పంతులుకు శిక్షణ ఇచ్చి మారువేషంలో రహస్యంగా పంపారు. 1866లో ఆయన లాసా చేరారు.

ఆయన దూరాన్ని ఎలా కొలిచారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎత్తయినా పల్లమైనా ఒకే కొలతలో అంగ వేయడం అభ్యాసం చేశారు. మైలుకు సుమారు 2000 అంగలు. బౌద్ధుల జపమాలకు 108 పూసలుంటాయి. ఆయన మాలలో 100 మాత్రమే ఉండేవి. ప్రతి 100 అంగలకు ఒక పూస జరిపేవారు. మాల ఒక చుట్టు తిరిగితే 10,000 అంగలు, అంటే సుమారు 5 మైళ్ళు. చూసేవారికి ఆయన జపం చేస్తున్నట్టు ఉండేది. రాసుకున్న కాగితాలను ప్రార్థనాచక్రంలో దాచేవారు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఆయన పని పరాయి ప్రభుత్వానికి ఉపయోగపడింది నిజమే. కాని ఒక పల్లెటూరి పంతులు తన కాళ్ళతో, పూసలతో ఒక దేశపు దారులను పటం మీదికి ఎక్కించాడన్నదీ నిజమే.

దీని నుంచి మనం నేర్చుకోవలసినది ఒకటుంది. "చాలా దూరం నడిచాం, చాలా కష్టపడ్డాం" అని రాస్తే వినేవాడికి జాలి కలుగుతుంది గాని దారి తెలియదు. ఎన్ని గంటలు, ఎంత చార్జీ, ఎక్కడ మలుపు అని రాస్తేనే దారి తెలుస్తుంది.

చూసినది వేరు, విన్నది వేరు

యాత్రా రచనలను జనం ఎందుకు అంత ఇష్టంగా చదువుతారు? కొత్త ఊరు చూడాలన్న కోరిక అందరికీ ఉంటుంది, వెళ్ళే వీలు కొందరికే ఉంటుంది. మనలాంటివాడే వెళ్ళి వచ్చి చెబితే మనమే వెళ్ళినట్టు ఉంటుంది. ఈ ఇష్టం వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది. వినేవారు ఎక్కువైనకొద్దీ చెప్పేవాడికి నాలుగు మాటలు కలపాలనిపిస్తుంది.

మోటుపల్లి గురించి చెప్పిన మార్కోపోలోయే వజ్రాల గురించి ఒక వింత చెప్పాడు. లోతైన లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయట. ఆ ముక్కలను గద్దలు పైకి తెస్తే జనం వాటిని తరిమి వజ్రాలు ఏరుకొనేవారట. ఇది ఆ కాలంలో పలు దేశాల్లో చెప్పుకొన్న కథ. మన ప్రాంతంలో వజ్రాలు దొరికిన మాట మాత్రం నిజం. 1325లో 21 ఏళ్ళ వయసులో మొరాకో నుంచి బయలుదేరి దాదాపు 30 ఏళ్ళు దేశాలు తిరిగిన ఇబన్ బటూటా పుస్తకంలోనూ కొన్ని భాగాలు ఇతరుల పుస్తకాల నుంచి చేరినవని పండితులు చెబుతారు. కాబట్టి చదివేటప్పుడు ఇది చూసినదా, విన్నదా అని అడుగుతూ చదవాలి. రాసేటప్పుడు ఏది చూశామో, ఏది విన్నామో విడదీసి రాయాలి.

అదే దారి, మరొక ప్రయాణికుడు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. వీరాస్వామయ్య ప్రతి మజిలీలో నీళ్ళ వసతి గురించి రాశారు. ఆయన రాసిన 70 ఏళ్ళ తర్వాత, 1901లో, ఒక చిన్నపిల్లవాడు చేసిన ప్రయాణం చూడండి. ఆ పిల్లవాడు మన బాబాసాహెబ్ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్.

తండ్రి రామ్‌జీ గారు అప్పుడు సతారా జిల్లాలోని కోరేగావ్‌లో క్యాషియరుగా ఉన్నారు. కరువు బాధితులకు పని కల్పించడానికి ప్రభుత్వం అక్కడ చెరువు తవ్విస్తున్నది. వేసవి సెలవులకు రమ్మని తండ్రి రాస్తే అన్నయ్యతో, అక్క కొడుకులతో కలిసి పిల్లలు కొత్త బట్టలు వేసుకొని సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషనులో దిగారు. ఉత్తరం అందకపోవడం వల్ల తీసుకువెళ్ళడానికి ఎవరూ రాలేదు. మంచి బట్టలు చూసి పలకరించిన స్టేషన్ మాస్టరు, పిల్లలు మహర్లని తెలియగానే దూరం జరిగాడు. బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకొనేటట్లు, బండివాడు పక్కన నడిచేటట్లు ఒప్పందం కుదిరింది.

రాత్రయింది. పిల్లల దగ్గర అన్నం ఉంది, నీళ్ళు లేవు. అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. ముస్లిములమని చెప్పుకున్నా టోల్‌గేటు దగ్గర నీళ్ళు దొరకలేదు. అన్నం పక్కన పెట్టుకొని ఆకలితోనే పడుకున్నారు. తండ్రి పనిచేసేది చెరువు తవ్వేచోట. బిడ్డలకు దారిలో గుక్కెడు నీళ్ళు లేవు.

ఈ సంఘటనను, ఇటువంటివే మరికొన్నిటిని అంబేడ్కర్ గారు తరువాత 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో రాశారు. 1934లో దౌలతాబాద్ కోట చూడటానికి సహచరులతో వెళ్ళినప్పుడు అక్కడి చెరువు నీళ్ళతో ముఖం కడుక్కున్నందుకు జరిగిన గొడవ కూడా అందులో ఉంది. అప్పటికి ఆయన విదేశాల్లో పెద్ద చదువులు చదివి, రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్ళివచ్చిన నాయకుడు. ఆ రచన ఆయన మరణించిన చాలా కాలానికి, 1990లో పుస్తకంగా వచ్చింది.

తమ్ముళ్ళారా, ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఏ ఊళ్ళో నీళ్ళున్నాయో చెబుతుంది. రెండవది ఆ నీళ్ళు ఎవరికి అందవో చెబుతుంది. రెండూ నిజమే. మొదటి పుస్తకం ఒక్కటే ఉంటే బావి ఉంది కదా, ఇబ్బందేముందని అనుకొనేవాళ్ళం. దారి ఒకటే అయినా నడిచే మనిషిని బట్టి అది మారుతుంది. అందువల్ల యాత్రా రచన ఒక్కరు రాస్తే చాలదు. అన్ని రకాల మనుషులూ రాయాలి.

వీరాస్వామయ్య పల్లకీ మోసిన బోయీలు కూడా అంత దూరమూ నడిచినవారే. వాళ్ళు రాసిన పుస్తకం మనకు లేదు. ఏ ఎండలో ఎవరి భుజం పుండు పడిందో, ఎక్కడ ఏమి తిన్నారో వాళ్ళ మాటల్లో మనకు తెలిసే అవకాశం లేదు.

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు" అనే సామెత కూడా మనలో ఉంది. ఆ సామెత తప్పని నాయని కృష్ణకుమారి గారు 'కాశ్మీర దీపకళిక' రాసి చూపించారు. మన అక్కచెల్లెళ్ళు ఒంటరిగా బస్సెక్కి పరీక్షకు వెళ్ళినప్పుడు ఏ స్టాండులో వెలుతురు ఉంది, ఏ స్టాండులో లేదు అనేది వాళ్ళే రాయాలి. మనం రాస్తే అది మన కంటపడదు.

మన ఇళ్ళలోని యాత్రికులు

పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టల, కాలువల పనులకు వెళ్ళారన్నది అందరికీ తెలిసినదే. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ తీరానికి వెళతారు. కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళతారు. యాత్రలంటే వీళ్ళవీ యాత్రలే. కాని పుస్తకాల్లోకి చాలా తక్కువ ఎక్కాయి.

మా నాన్న కాలువ పనులకు మూడు రాష్ట్రాలు తిరిగాడు. చదువు రాదు. స్టేషను బోర్డు చదవలేడు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్ళ కేక మారితే రాష్ట్రం మారిందని తెలుసుకొనేవాడట. కిందటి సంక్రాంతి సెలవుల్లో మేము నోటుబుక్కు పట్టుకొని కూర్చుంటే, "రాసేంత ఏముంది బిడ్డా, పనికి పోయినం, వచ్చినం" అన్నాడు. రెండు రోజులు అడిగితే నాలుగు పేజీలయింది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, తిరిగివచ్చేటప్పుడు మిగిలింది ఎంత, గుడిసెలు ఎక్కడ వేసుకున్నారు, ఎవరికి జ్వరం వచ్చింది – అన్నీ చెప్పాడు. ప్రతి చోటు గురించి అడగకుండానే మొదట చెప్పింది నీళ్ళ గురించే. ఒకచోట డ్రమ్ములో నీళ్ళు, ఒకచోట కాలువ నీళ్ళు, ఒకచోట రెండు మైళ్ళ దూరం. అప్పుడు మాకు వీరాస్వామయ్యా గుర్తుకు వచ్చారు, మసూర్ స్టేషనులోని పిల్లలూ గుర్తుకు వచ్చారు.

ఒక కాగితం చేసిన మేలు

యాత్రా రచన విలువ తెలియాలంటే మాకు జరిగినది ఒకటి చెప్పాలి. డిగ్రీ అయ్యాక మేము ఇద్దరం పి.జి. కౌన్సెలింగ్‌కు వెళ్ళాం. ఇంట్లో ఎవరూ డిగ్రీ చదివినవారు లేరు. ఏమేమి తీసుకుపోవాలో ఫోనులో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. రాత్రంతా బస్సులో కూర్చొని వెళితే, మా ఆదాయ ధ్రువీకరణ పత్రం పాతదని, కొత్తది కావాలని తేలింది. మళ్ళీ ఊరికి, మళ్ళీ అప్పు చేసి చార్జీలు, రెండో విడతలో సీటు. మాతో వచ్చిన స్నేహితుడికి రెండో విడతలో అతను కోరిన సబ్జెక్టు దొరకలేదు. అతను వేరే దానిలో చేరాడు.

ఆ బాధతో మేము ఒక కాగితం మీద అంతా రాశాం. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, దిగాక ఎటు నడవాలి, ఏ పత్రాలు ఎన్ని జిరాక్సులు, ఏ పత్రం కొత్తదై ఉండాలి, తక్కువ ధరకు భోజనం ఎక్కడ, రాత్రి ఉండాల్సి వస్తే ఏ సీనియరు గదిలో ఉండవచ్చు. మరుసటి సంవత్సరం ఇదే హాస్టల్ నుంచి వెళ్ళిన తమ్ముడు ఆ కాగితం జేబులో పెట్టుకొని వెళ్ళి ఒక్క రోజులో పని ముగించుకొని వచ్చాడు. మేము చేసిన యాత్రల్లో పెద్దది ఏమీ లేదు. కాని మేము రాసిన వాటిలో ఇంతగా పనికి వచ్చినది మరొకటి లేదు.

ఎలా రాయాలి?

తమ్ముళ్ళకు మేము చెప్పగలిగినవి ఇవి:

1. తేదీ, బయలుదేరిన సమయం, చేరిన సమయం తప్పక రాయండి.

2. చార్జీలు, భోజనం ఖర్చు అంకెల్లో రాయండి. చార్జీలు మారుతుంటాయి కాబట్టి సంవత్సరం కూడా వేయండి.

3. నీళ్ళు, మరుగుదొడ్డి, పడుకొనే చోటు గురించి సిగ్గుపడకుండా రాయండి. వెనుక వచ్చేవాడికి ముందు కావలసినవి అవే.

4. చూసినది "చూశాం" అని, విన్నది "చెప్పారు" అని రాయండి.

5. అవమానం జరిగితే దాచకండి. సాయం చేసినవారినీ మరవకండి. రెండూ దారిలో భాగమే.

6. మన ఇంట్లో మాట్లాడే మాటలోనే రాయండి. స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నామనుకోండి.

7. ఆ రాత్రే రాయండి. వారం ఆగితే అంకెలు పోతాయి.

ముగింపు

మన హాస్టల్ లైబ్రరీలో ఒక లావుపాటి రిజిస్టరు పెట్టాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. దానికి 'ప్రయాణాల పుస్తకం' అని పేరు పెట్టుకుందాం. ఇంటర్వ్యూకు వెళ్ళినవారు, పోలీసు సెలక్షన్లకు వెళ్ళినవారు, విహారయాత్రకు వెళ్ళినవారు, పనికోసం వలసపోయిన తల్లిదండ్రుల మాటలు విని రాసుకున్నవారు తలా రెండు పేజీలు రాయాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు తాము మొదటిసారి ఆ నగరంలో దిగిన రోజు గురించి రాసి పంపాలి. మా వంతుగా మా నాన్న చెప్పిన నాలుగు పేజీలు, కౌన్సెలింగ్ కాగితం నకలు ఈ వార్షికోత్సవం రోజునే అందులో అంటిస్తాం. మూడో పేజీ నుంచి మీది.

జై భీమ్!